పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆకాశహర్మ్యాల ఆర్కిటెక్టు హఫీజ్ కాంట్రాక్టర్

గత నెల ఈ శీర్షికలో ముంబయిలోని ఎత్తయిన భవనాల గురించి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ ఆర్కిటెక్టు హఫీజ్ కాంట్రాక్టర్ పేరును రెండు వాక్యాలలో ప్రస్తావించాం. ఆయన గురించి ఇంకా తెలుసుకోవాలని కోరుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఆయన కాంట్రాక్టరా, ఆర్కిటెక్టా? మీరు రాసింది చదివి మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. అసలు ఆయన ఈ వృత్తిలోకి ఎలా వచ్చారో వివరంగా చెప్పగలరు. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కాంట్రాక్టర్ అనేది ఆయన ఇంటిపేరు. పార్సీ కుటుంబాలలో ఇంజినీర్, మర్చంట్ వంటి వృత్తిపేర్లు ఇంటిపేర్లుగా స్థిరపడిపోయాయి. మన దగ్గర కరణం, వడ్ల అనే ఇంటిపేర్లు ఉన్నట్లే అనుకోండి. ఆయన వృత్తి మాత్రం మొదటి నుంచీ ఆర్కిటెక్చరే.

ఆయన 1950లో ముంబయిలో పుట్టారు. ఈ వృత్తిలోకి రావడం గురించి ఆయన స్వయంగా చెప్పుకున్న సంఘటన ఒకటి ఉంది. కుర్రతనంలో ఒకనాడు బంధువు ఒకరి ఆర్కిటెక్చర్ ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నప్పుడు అక్కడి డ్రాఫ్ట్స్‌మన్ ఒకరు కిటికీ వివరాలు గీస్తున్నారు. ఆ పటం చూసి, ఈ కిటికీ ఇలా కడితే తెరుచుకోదని ఆ కుర్రవాడు అన్నాడట. ఆ మాట నిజమేనని తేలింది. బంధువు ఆశ్చర్యపడి, ఇంకొన్ని పటాలు గీయించి చూసి, ఒక ఇల్లు కూడా గీయమని చెప్పి, మిగతా ఆలోచనలన్నీ మాని ఆర్కిటెక్చరే చదవమని సలహా ఇచ్చారు. చదువులో పెద్దగా మార్కులు లేని విద్యార్థి జీవితం ఆ మాటతో మలుపు తిరిగింది.

1968లో ఆర్కిటెక్టు టి. ఖరేఘాట్ కార్యాలయంలో శిక్షణకు చేరారు. పని నేర్చుకుంటూనే ముంబయిలోని అకాడమీ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో చదివి 1975లో పట్టా పొందారు. ఆ తర్వాత టాటా స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి మాస్టర్స్ పూర్తి చేశారు. తిరిగి వచ్చి, శిష్యుడిగా చేరిన ఆ కార్యాలయంలోనే భాగస్వామి అయ్యారు. 1982లో ఇద్దరు సహాయకులతో సొంత కార్యాలయం తెరిచారు. అది నేడు కొన్ని వందల మంది పనిచేసే సంస్థ. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కాలేజీకి వెళ్ళకముందే ఆఫీసు బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఆయన. ఆయన భవనాలను మెచ్చుకునేవారూ ఉన్నారు, మెచ్చనివారూ ఉన్నారు. కానీ స్థలం కొలతలు, రోడ్డు వెడల్పు, మునిసిపల్ నిబంధనలు చేతికిస్తే ఆ నేల మీద ఎన్ని చదరపు అడుగులు, ఏ ఆకారంలో, ఎంత ఎత్తులో నిలబడతాయో తేల్చడంలో ఆయనకున్న పట్టును ఎవరూ కాదనరు. ముంబయి బిల్డర్లు ఆయన కోసం వరుస కట్టింది ఈ విద్య కోసమే.

ప్రశ్న: మా అబ్బాయి ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం వచ్చి మైసూరు శిక్షణకు వెళ్ళినప్పుడు పెద్ద పెద్ద స్తంభాల ముందు నిలబడి ఫొటో పంపాడు. రోమ్ నగరంలో దిగినట్లు ఉంది. ఆ భవనం కూడా ఈయనదేనని ఎవరో అన్నారు. ఎత్తయిన మేడలు కట్టే ఆయన అలాంటివి కూడా కడతారా? – ఒక తల్లి, భీమవరం

జవాబు: ఆ మాట నిజమేనమ్మా. మైసూరు ఇన్ఫోసిస్ ప్రాంగణంలోని గ్లోబల్ ఎడ్యుకేషన్ సెంటర్ హఫీజ్ కాంట్రాక్టర్ రూపకల్పనే. 2009లో ప్రారంభమైన రెండో సెంటర్ ముందు మీ అబ్బాయి నిలబడి ఉంటాడు. ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళిన వేలమంది ఇంజినీరింగ్ పట్టభద్రుల ఆల్బమ్‌లలో ఆ స్తంభాలు ఉన్నాయి. కాబట్టి ఈ ఆర్కిటెక్టు పేరు తెలియని తెలుగు ఇళ్ళలో కూడా ఆయన భవనం ఫొటో ఉందన్నమాట.

ముంబయి పొవయిలోని హీరానందానీ గార్డెన్స్ చూస్తే ఇదే ధోరణి ఎత్తయిన మేడల మీద కనిపిస్తుంది. అక్కడ ఇరవై, ముప్పై అంతస్తుల ఇళ్ళ మీద గ్రీకు, రోమను పద్ధతి స్తంభాలు, కమానులు, అంచు నగిషీలు ఉంటాయి. భవనం బరువును లోపలి కాంక్రీటు స్తంభాలు, గోడలు, బీములు మోస్తాయి. బయట కనిపించే స్తంభానికి మోయవలసిన బరువేమీ లేదు, అది అలంకారం. ఆర్కిటెక్చర్ అధ్యాపకులు చాలామంది ఆయనను తప్పుపట్టేది ఇక్కడే. మన ఎండకు, మన వానకు, మన చరిత్రకు సంబంధం లేని వేషం ఎందుకని వారి ప్రశ్న. ఇల్లు కొనేవారు కోరుకున్న రూపం ఇవ్వడం తన పనేనని, ఒకే శైలికి కట్టుబడి ఉండనవసరం లేదని ఆయన పక్షం.

ఈ విషయంలో నా అభిప్రాయం అధ్యాపకుల వైపే మొగ్గుతుంది. అయితే ఆయనను గురించిన చర్చ అంతా స్తంభాల దగ్గరే ఆగిపోవడం సరికాదు. ముఖభాగం కన్నా ముఖ్యమైన సంగతులు తర్వాతి ఉత్తరాలలో వచ్చాయి.

ప్రశ్న: ముంబయి తార్దేవ్‌లోని ఇంపీరియల్ జంట భవనాలు మురికివాడ స్థలంలో కట్టారని చదివాను. కోట్ల రూపాయల ఫ్లాట్లు ఉన్న చోట పేదల గుడిసెలు ఎలా ఉండేవి? ఆ పేదలు ఏమయ్యారు? చట్టం దీనికి ఎలా ఒప్పుకుంది? – ఒక న్యాయవాది, వరంగల్లు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో దీనికే ఎక్కువ చోటు ఇవ్వాలనిపించింది.

ఇంపీరియల్ భవనాలు 2010లో పూర్తయ్యాయి. ఒక్కొక్కటి 60 అంతస్తులు. కొసన ఉన్న శిఖరంతో కలిపి ఎత్తు 250 మీటర్లు దాటుతుంది. పూర్తయిన నాటికి దేశంలో వాటిని మించినవి లేవు. వాటి కింది నేల ఒకప్పుడు ఎం.పి. మిల్స్ కాంపౌండ్ అనే మురికివాడ.

1995లో మహారాష్ట్ర ప్రభుత్వం మురికివాడల పునరావాస పథకాన్ని తెచ్చి, దాని కోసం ప్రత్యేక అథారిటీని ఏర్పాటు చేసింది. మొదట్లో ఆ పథకం సారాంశం ఇది. 1995 జనవరి 1 నాటికి అక్కడ నివసిస్తున్న ప్రతి కుటుంబానికీ బిల్డరు 225 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా కట్టి ఇవ్వాలి. గుడిసెవాసులలో 70 శాతం మంది అంగీకారం ఉండాలనేది అప్పటి నిబంధన. ఇందుకు ప్రతిఫలంగా బిల్డరుకు బయటివారికి అమ్ముకోవడానికి అదనంగా కట్టుకునే హక్కు లభిస్తుంది. దక్షిణ ముంబయి ప్రాంతంలో పేదల కోసం 10 చదరపు మీటర్లు కడితే అమ్మకానికి 7.5 చదరపు మీటర్లు కట్టుకోవచ్చు. శివారులో పదికి పది. ప్రభుత్వం తన ఖజానా నుంచి ఏమీ ఇవ్వదు, నేల విలువే మొత్తం ఖర్చును భరిస్తుంది. అర్హత తేదీ ఆ తర్వాత ముందుకు జరిగింది. ఇంటి కొలత కూడా 269 చదరపు అడుగులకు, అక్కడి నుంచి 300కు పెరిగింది.

ఈ లెక్కలో ఆర్కిటెక్టు పాత్ర ఎక్కడుందో చూడండి. పేదలకు ఇవ్వవలసిన ఇళ్ళను ఎంత తక్కువ నేలలో సర్దితే, అమ్మకపు భవనానికి అంత ఎక్కువ నేల మిగులుతుంది. ఆ మిగిలిన నేలలో ఎంత ఎత్తుకు వెళితే అరేబియా సముద్రం అంత బాగా కనిపిస్తుంది, చదరపు అడుగు ధర అంత పెరుగుతుంది. అరవై అంతస్తుల ఎత్తుకు మూలం ఈ కూడికలు, తీసివేతలలోనే ఉంది. ఇంపీరియల్ దగ్గర పాత నివాసులను నగరం చివరకు పంపలేదు, వారికి ఆ కాంపౌండులోనే పునరావాస భవనాలు కట్టారు. ఇది తక్కువ సంగతి కాదు. తార్దేవ్‌లో ఇంటి పనికో, దుకాణం పనికో నడిచి వెళ్ళే మనిషికి ఇల్లు అక్కడే ఉండడం ఎంత ముఖ్యమో నగరంలో బతికినవారికి తెలుసు. తమ పేరు మీద కాగితం, సొంత మరుగుదొడ్డి, గొట్టంలో నీళ్ళు వచ్చాయి.

కానీ ఈ పథకం కింద నగరమంతటా కట్టిన ఇళ్ళు ఎలా ఉన్నాయనేది వేరే ప్రశ్న. గోవండి, మాన్‌ఖుర్ద్ వైపున్న నట్వర్ పారేఖ్ కాంపౌండ్, లల్లూభాయ్ కాంపౌండ్ వంటి పునరావాస కాలనీలను వైద్యులు, ఐఐటీ బొంబాయి నిపుణులు కలిసి పరిశీలించిన అధ్యయనం 2018లో వెలువడింది. భవనానికీ భవనానికీ మధ్య మూడు మీటర్ల ఎడమే ఉన్నచోట, ఎండ, గాలి చొరబడని కింది అంతస్తుల ఇళ్ళలో క్షయ ఎక్కువగా కనిపించిందని వారు తేల్చారు. ఆ కాలనీల నింద హఫీజ్ కాంట్రాక్టర్ మీద మోపడం నా ఉద్దేశం కాదు. అయితే పేదల భాగాన్ని ఇరుకు చేసినకొద్దీ లాభం పెరిగే చట్టం ఉన్నప్పుడు ఆ ఇరుకు ఏ రోగానికి దారి తీస్తుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఇంపీరియల్ శిఖరాన్ని చాలామంది ఫొటో తీశారు. ఈసారి ముంబయి వెళ్ళినప్పుడు వీలైతే దాని పాదాల దగ్గర నిలబడి, పక్కనున్న పునరావాస భవనాల కిటికీల వైపు కూడా చూసి రండి. ఈ ఆర్కిటెక్టు వృత్తి జీవితంలో అతి పెద్ద ప్రశ్న ఆ రెంటి మధ్యనున్న దూరంలో ఉంది.

ప్రశ్న: ముంబయిలో 1990ల నాటి అపార్ట్‌మెంట్లలో ప్రతి కిటికీ కింద పూలతొట్టి లాంటి గట్టు కనిపిస్తుంది. ఒక్క మొక్క కూడా ఉండదు. అది ఎందుకు? దీనికీ హఫీజ్ కాంట్రాక్టర్‌కూ సంబంధం ఉందా? – ఒక సివిల్ ఇంజినీరు, కాకినాడ

జవాబు: ఉంది. అయితే ఆయన ఒక్కరికే కాదు, ఆ తరం ముంబయి ఆర్కిటెక్టులందరికీ ఉంది.

స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే నిష్పత్తిని ఎఫ్‌ఎస్‌ఐ అంటారని మీకు వేరే చెప్పనక్కరలేదు. దక్షిణ ముంబయిలో అది మామూలుగా 1.33. వెయ్యి గజాల స్థలంలో 1,330 గజాలకు మించి కట్టకూడదు. కానీ కిటికీ బయటి పూలతొట్టి, గోడలోని గూడు, కొన్ని రకాల బాల్కనీలు ఈ లెక్కలోకి రావనే వెసులుబాటు నిబంధనల్లో ఉండేది. దాంతో ప్రతి గదికీ ఒక పూలతొట్టి పుట్టింది. భవనాల ముఖం మీద వంపులు, పొడుచుకు వచ్చిన మూలలు కనిపిస్తే వాటిలో కొన్ని అందం కోసం వచ్చినవి, కొన్ని ఈ వెసులుబాటు కోసం వచ్చినవి.

అంధేరీలో ఒక మిత్రుడి ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. పడకగదిలో కిటికీ వైపు నేల మీద టైల్స్ రంగు ఒక గీత గీసినట్లు మారిపోయి ఉంది. గీతకు ఇవతల పాత మొజాయిక్, అవతల రెండడుగుల మేర కొత్త తెల్ల టైల్స్. ఆ రెండడుగులూ పూలతొట్టి. తొట్టిని ఇటుక ముక్కలతో, సిమెంటుతో నింపి, మధ్య గోడ తీసేసి, గదిలో కలిపేసుకున్నారు. మంచం తల వైపు భాగం ఆ గీత దాటి తొట్టి మీదకు వెళ్ళింది. మట్టి కోసం లెక్క కట్టిన చోట మనిషి పడుకుంటున్నాడు. వానాకాలంలో ఆ గీత వెంట తడి ఊరుతుందని, ఏటా రంగు వేయించినా ఆగడం లేదని మిత్రుడు చెప్పాడు. ఆ ఇల్లు ఏ ఆర్కిటెక్టు గీశాడో నాకు తెలియదు, ఏ బిల్డరైనా ఆనాడు అదే చేసేవాడు.

2012 జనవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం ఈ వెసులుబాట్లను రద్దు చేసింది. బాల్కనీ, పూలతొట్టి, గూడు అన్నీ లెక్కలోకి వచ్చాయి. బదులుగా ప్రీమియం అనే అదనపు రుసుము చెల్లిస్తే నివాస భవనాలకు 35 శాతం, వాణిజ్య భవనాలకు 20 శాతం అదనపు ఎఫ్‌ఎస్‌ఐ ఇచ్చే పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి కొత్త భవనాల ముఖాలు నునుపు తేలాయి. చట్టంలో ఒక పేరా మారితే నగరం రూపమే మారిపోతుందని చెప్పడానికి, 2012కు ముందు కట్టిన మేడను, తర్వాత కట్టిన మేడను పక్కపక్కన నిలబెట్టి చూస్తే చాలు.

ప్రశ్న: ఆయన కట్టిన వాటిలో అన్నింటికన్నా ఎత్తయినది ఏది? – పదో తరగతి విద్యార్థిని, అనంతపురం

జవాబు: దుబాయిలోని 23 మెరీనా అమ్మా. 88 అంతస్తులు, 392 మీటర్లు, 2012లో పూర్తయింది. మరో సంస్థ కూడా ఆ పనిలో భాగస్వామి. మన దేశంలో చూస్తే, కోల్‌కతా చౌరంగీ రోడ్డులో 2019లో పూర్తయిన ‘ది 42’ సుమారు 260 మీటర్లతో ఆనాటికి దేశంలోకెల్లా ఎత్తయిన పూర్తి భవనంగా నిలిచింది. ముంబయి మహాలక్ష్మి దగ్గరి మినర్వా దానిని దాటి 300 మీటర్ల ఎత్తు అందుకుంది. మీ ఊళ్ళో మూడంతస్తుల ఇల్లు సుమారు పది మీటర్లు ఉంటుంది కాబట్టి, అలాంటివి ముప్పై ఒకదాని మీద ఒకటి పెడితే మినర్వా అవుతుంది.

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాదు కోకాపేట, నార్సింగి వైపు యాభై అంతస్తులు దాటిన భవనాలు వస్తున్నాయి. ఈ రంగంలోనే పనిచేయాలని ఉంది. మా అధ్యాపకులు చార్లెస్ కొరియాను చదవమంటారు, హఫీజ్ కాంట్రాక్టర్ పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. ఎవరిని చదవాలి? – ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: ఇద్దరినీ చదవండి, కానీ పక్కపక్కన పెట్టి చదవండి. ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా 1930లో సికింద్రాబాదులో పుట్టిన వారు కాబట్టి మనకు ఆయనపై కొంత హక్కు కూడా ఉంది. ఆయన ముంబయిలో కట్టిన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్లు 1983లో పూర్తయ్యాయి. సరిగ్గా దానికి ముందటి ఏడే కాంట్రాక్టర్ సొంత కార్యాలయం తెరిచారు.

కాంచన్‌జంగాలో 32 ఇళ్ళే ఉన్నాయి, ఎత్తు 84 మీటర్లు. ముంబయిలో సముద్రపు గాలి, మంచి దృశ్యం పడమట ఉంటాయి, సాయంత్రపు ఎండ, వానజల్లు కూడా అటు నుంచే వస్తాయి. ఈ చిక్కుకు కొరియా మన పాత బంగళాల వసారాను పరిష్కారంగా తీసుకున్నారు. భవనం మూలలను తొలిచి రెండంతస్తుల ఎత్తున తోట వసారాలు పెట్టారు. ఎండా వానా అక్కడ ఆగుతాయి, గాలి లోపలికి వస్తుంది. ఆ పటాన్ని మీరు చేత్తో ఒకసారి గీసి చూడండి, కంప్యూటరు మీద కాదు. కానీ 32 సంపన్న కుటుంబాలకు కట్టడం వేరు, పదివేల కుటుంబాలకు కట్టడం వేరు. సామాన్యులకు పెద్ద ఎత్తున ఇళ్ళు కావాలంటే తక్కువ ఎత్తులో దగ్గరదగ్గరగా కట్టాలని కొరియా నమ్మి, నవీ ముంబయి బేలాపూర్‌లో అలా కట్టి చూపించారు. నేల తక్కువ, జనం ఎక్కువ కాబట్టి ఎత్తుకు వెళ్ళి కింద నేలను ఖాళీగా, పచ్చగా వదలాలని, లేకపోతే నగరాలు పొలాలను మింగేస్తాయని కాంట్రాక్టర్ ఎన్నో వేదికల మీద వాదించారు. ఈ వాదనను మీ అధ్యాపకులు ముఖం చిట్లించి దాటవేయకూడదు. మీరు కూడా దానిని యథాతథంగా ఒప్పుకోకూడదు. ఎత్తుకు వెళ్ళిన ప్రతిచోటా కింద నేల నిజంగా పచ్చగా మిగిలిందా, కార్లు నిలిపే కింది అంతస్తుల (పోడియం) కిందకు పోయిందా అని భవనం భవనం చొప్పున లెక్క చూడండి.

హైదరాబాదులో లెక్క వేరు. 2006లో వచ్చిన జీవో 86తో అక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది, 2012 నాటి జీవో 168 కూడా అదే పద్ధతిని కొనసాగించింది. స్థలం కొలత, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ (సెట్‌బ్యాక్) కలిసి ఎత్తును నిర్ణయిస్తాయి. అందువల్ల ముంబయిలో లాగా పూలతొట్టి దగ్గర కక్కుర్తి పడవలసిన అవసరం లేదు. అదే సమయంలో, ఒక రోడ్డు మీదకు ఎన్ని వేల కుటుంబాలు వచ్చి చేరవచ్చో చెప్పే గరిష్ఠ పరిమితి కూడా లేదు. మీ ప్రాజెక్టుకు కోకాపేటలో స్థలం ఎంచుకుంటే మొదట గీయవలసింది టవర్ ముఖభాగం కాదు. ఆ స్థలానికి ముందున్న రోడ్డు, మంచినీటి గొట్టం, వాననీరు పల్లానికి పారే దారి, దగ్గర్లోని చెరువు గట్టు, ఇవన్నీ ఒకే కాగితం మీద గీయండి.

పని నేర్చుకునే విషయంలో ఒక సూచన. 50 మీటర్లు దాటిన కాంక్రీటు భవనాల భద్రతకు ఐఎస్ 16700 అనే ప్రమాణం 2017లో వచ్చింది. స్ట్రక్చరల్ ఇంజినీరు చదువుకుంటాడులే అని వదిలేయకుండా మీరూ చదవండి, లిఫ్టులు, మెట్ల చుట్టూ ఉండి భవనాన్ని నిలబెట్టే కోర్ గోడలు ఎక్కడ రావాలో తెలియకుండా గీసిన ప్లాన్ ఇంజినీరు బల్ల మీద నిలబడదు. అలాగే నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం 24 మీటర్ల ఎత్తు దాటగానే మొదటి శరణు అంతస్తు, అక్కడి నుంచి ప్రతి 15 మీటర్లకూ మరొకటి ఉండాలి. అగ్నిప్రమాదం జరిగినప్పుడు మెట్లు దిగలేని ముసలివారు, పిల్లలు వచ్చి నిలబడి ఫైర్ సిబ్బంది కోసం ఎదురుచూసే చోటు అది. కట్టిన తర్వాత దానిని సామాన్ల గదిగా, జిమ్‌గా మార్చేయడం చాలాచోట్ల చూస్తున్నాం. వేసవి శిక్షణకు ఏ కార్యాలయంలో చేరినా, పేరున్న టవర్ ముఖభాగం గీసే బల్ల కోసం పోటీ పడకుండా, ఆ శరణు అంతస్తు, ఆ మెట్ల గది, ఆ తలుపు ఏ వైపు తెరుచుకోవాలో గీసే బల్ల దగ్గర చోటు అడగండి.